ఇరవయ్యేళ్ళ తర్వాతి వరిమడి

షాంఘై,
1958 జూలై 19.

తమ్ముడు దెమావ్‌కు,

నీ అక్క యున్‌ఫాంగ్ నీ క్షేమం, సాన్‌మెయ్ క్షేమం, పాప షియావ్‌మాన్ క్షేమం, నీ పెత్తనం కింద ఉన్న సహకార సంఘంలోని నూట పన్నెండు కుటుంబాల క్షేమం కోరి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక నా గోడు మొదలుపెడతాను.

మా సినిమా బృందం పదకొండు మందిని వారం రోజులు మేపారు మీరు. చెరువు పక్కన అర మూ నేల, మంచి వరిమడి, మాకు వదిలేశారు. దర్శకుడు ఫాన్ నీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పమన్నాడు. నా మరదలు సాన్‌మెయ్ ఊరవేసిన బాతుగుడ్లు తొమ్మిది తిన్నవాడు ఆ మాత్రం చెప్పకపోతే బాగుండదు.

తిరిగొచ్చేసరికి ఇక్కడ కథ మళ్ళీ మారింది. ఇరవయ్యేళ్ళ తర్వాత, అంటే 1978లో, మన దేశం ఎలా ఉంటుందో చూపించే సినిమా అని నీకు చెప్పాను కదా. చంద్రుడి మీద ఉద్యోగం చేసే కుర్రవాడు సెలవు పెట్టి రాకెట్‌లో ఊరికి వస్తాడు. ఊళ్ళో పంది ఏనుగంత ఉంటుంది. గోడ మీద అవతలివాడి మొహం కనపడే టెలిఫోను ఉంటుంది. వాన కావలసినవాళ్ళు ఫోను చేసి రెండు గంటల వాన పంపమంటారు, కొట్టు నుంచి సోయా సాసు తెప్పించుకున్నట్టు. వీటన్నిటినీ వెదురుబద్దలతో, కాగితంతో, బంకతో చేయవలసినదాన్ని నేను. నాన్న దగ్గర నేర్చుకున్న పనే. ఆయన పోయినవాళ్ళతో పాటు తగలబెట్టడానికి కాగితం ఇళ్ళూ గుర్రాలూ కట్టేవాడు. నేను ఇంకా పుట్టనివాళ్ళ కోసం కడుతున్నాను. ఆయన పనే నయం. పోయినవాళ్ళెవరూ తిరిగొచ్చి అంకెలు మార్చమని అడగలేదు.

నా ప్రాణం తీస్తున్నది ఆ అంకెలే. మే నెలలో మా కథారచయిత కువాంగ్, 1978లో మూ నేలకు మూడు వేల జిన్ల తూకం వడ్లు పండుతాయని రాశాడు. మన ఊళ్ళో బాగా పండిన ఏడాదికి నాలుగొందల ముప్ఫై. మూడు వేలంటే నాకే నవ్వొచ్చింది. సరే, సినిమా కదా అని చక్కగా బోర్డు రాసి నిలబెట్టాను. రంగు ఆరకముందే ఎక్కడో ఏదో జిల్లాలో ఇప్పుడే ఐదు వేలు పండించారని పేపర్లో పడింది. మా పార్టీ కార్యదర్శి షువె, కువాంగ్‌ని పిలిచి, ఏమయ్యా, నీ భవిష్యత్తు మన వర్తమానం కన్నా వెనకబడి ఉందే, నీకు ప్రజల మీద నమ్మకం లేదా అని నిలదీశాడు. కువాంగ్ ఎనిమిది వేలు చేశాడు. మర్నాడు పేపర్లో పది వేలు. ఇప్పుడు పన్నెండు వేలకు వచ్చాం. ఇది ఏడో రాత. నేను వరిమడి నమూనా పీకి మళ్ళీ పాతడం ఐదోసారి. ఏమిటయ్యా ఈ ఖర్మ అంటే కువాంగ్, అక్కా, నేను సాయంత్రం దాకా కూర్చుని ఇరవయ్యేళ్ళు ముందుకి పోతాను, పొద్దున్నే పేపరు కుర్రాడు నన్ను దాటుకుని పోతాడు అన్నాడు. మనిషి చిక్కి సగమయ్యాడు.

అన్నట్టు, మీ మడిలో తీసిన షాటు బాగా వచ్చింది. నాలుగు మళ్ళలోని కంకుల మొక్కలు పెరికి తెచ్చి ఒక్క మూలన కుక్కి, లోపల బల్ల దాచి, దాని మీద షియావ్‌మాన్‌ని నిలబెట్టాను కదా. తెర మీద చూస్తే పిల్ల నిజంగా కంకుల మీదే నిలబడ్డట్టుంది. నువ్వు గట్టు మీద నోరు తెరుచుకుని చూస్తూ, ఇదేం కనికట్టు అక్కా, ఈ మొక్కలు ఎన్నాళ్ళుంటాయి అని అడిగావు. రెండు రోజులు, తర్వాత గాలాడక కుళ్ళిపోతాయి అన్నాను. ఆ మాట నువ్వు సరిగా విన్నావో లేదో.

ఏ సంఘం ఎంత జోరుగా పండిస్తున్నదో చూపించడానికి మీ కార్యాలయం గోడ మీద జిల్లావాళ్ళు అతికించిన పటం చూశాను. రాకెట్, రైలు, ఎద్దుబండి, తాబేలు. నీ పేరు తాబేలు కింద రాశారని నువ్వు సరిగా అన్నం తినడం లేదట, సాన్‌మెయ్ చెప్పింది. పిచ్చిసన్నాసీ, రాకెట్లు నేను రోజూ కడుతున్నాను. లోపల ఏమీ ఉండదు. అన్నం తిను.

నీ అక్క,
యున్‌ఫాంగ్.

*

షాంఘై,
1958 ఆగస్టు 23.

దెమావ్‌కు,

ఈసారి క్షేమం అడగడం లేదు. నువ్వు క్షేమంగా, ఎర్ర పువ్వు గుండెకు పెట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉన్నావని పేపర్లో చూశాను.

మూ నేలకు ఇరవై వేల ఏడు వందల జిన్లు! ఆ ఏడు వందలు ఎందుకురా? ఇరవై వేలంటే ఎవరూ నమ్మరని చిల్లర కూడా కలిపావా?

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ పేపరు చేతులు మారింది. మా జిల్లా ఉపగ్రహం వదిలింది అని శీర్షిక. ఇప్పుడు పంట గురించి గొప్పలు చెప్పుకోవడాన్ని అలాగే అంటున్నారు కదా, రష్యావాళ్ళు నిజంగా ఒకటి వదిలిన పాపానికి. ఆ ఫోటోలో నా మేనకోడలు కంకుల మీద నిలబడి చేతులు ఊపుతున్నది. కార్యదర్శి షువె నా భుజం తట్టి, కామ్రేడ్ షాంగ్, ఇంతటి తమ్ముణ్ణి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఏం చేయను. కువాంగ్ మాత్రం గిన్నె పక్కన పెట్టి తల పట్టుకున్నాడు. అప్పటికి వాడి 1978 పదిహేను వేల దగ్గర ఉంది. సొంత తమ్ముడి ఊరి ఈనాటి మడి ముందు నేను కట్టిన ఇరవయ్యేళ్ళ తర్వాతి మడి వెలవెలబోయింది. సాయంత్రానికల్లా ముప్ఫై వేలు చేయమని ఆజ్ఞ. మళ్ళీ పీకు, మళ్ళీ పాతు.

పద్దెనిమిదేళ్ళుగా కెమెరా ముందు వస్తువులు పెడుతున్నదాన్ని. ఆ ఫోటోని నువ్వు నాకు చూపించి తప్పించుకోగలననుకున్నావా? షియావ్‌మాన్ కుడి పాదం దగ్గర కంకులు సూటిగా గీత గీసినట్టు అణిగిపోయి ఉన్నాయి. అది బల్ల అంచు. నేనైతే అంచు మీద గడ్డి కప్పేదాన్ని. పని నేర్చుకున్నవాడివి పూర్తిగా నేర్చుకోవద్దూ?

నా దగ్గరే నేర్చుకున్నావు. అదే నన్ను తినేస్తున్నది. కానీ నేను చేసినదానికి టిక్కెట్టు ఉంటుంది. హాల్లో కూర్చున్నవాడికి అది సినిమా అని తెలుసు, దీపాలు వెలిగాక ఇంటికి పోయి ఉన్నదేదో వండుకుంటాడు. నీ మడి చూసినవాడు సంచులు పట్టుకుని వస్తాడు. ప్రభుత్వం వాటా పండినదాని మీద కట్టరు, నువ్వు చెప్పినదాని మీద కడతారు. ఇరవై వేల మీద వాటా అడిగితే, నాలుగొందలు పండినవాడివి ఏం తెచ్చి పోస్తావు?

పోనీ తూకం ఎలా తూచారో చెప్పనా? ముందు గుమ్మంలోంచి తెచ్చిన బుట్టల్ని తూచి, వెనక గుమ్మంలోంచి దాటించి, మళ్ళీ ముందు నుంచి తెచ్చి ఉంటారు. మేమూ అంతే చేస్తాం. ఇరవై మంది సైనికులు తెర వెనక నుంచి తిరిగి తిరిగి వస్తుంటే సైన్యమంతా నడిచినట్టుంటుంది. కానీ మేము వాళ్ళకి భోజనం ఇరవై మందికే వండుతాం.

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత ఊరికే పుట్టలేదు. వెంటనే జిల్లా కార్యాలయానికి వెళ్ళి లెక్కలో పొరపాటు జరిగిందని చెప్పు. రేపే వెళ్ళు.

అక్క.

*

షాంఘై,
1958 సెప్టెంబర్ 28.

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో, రెండోసారి ఇంకా కోపంతో.

అక్కా, నువ్వు పట్నంలో కాగితాలతో ఆడుకుంటూ నీతులు చెబుతావు, ఇక్కడికొచ్చి మీటింగులో నిలబడి నాలుగొందలు అని చూడు అని రాశావు. పక్క ఊరి నాయకుడు తొమ్మిది వేలు అన్నాడు, వాడికి కుర్చీ వేసి టీ ఇచ్చారు, నేను నాలుగొందల ముప్ఫై అన్నాను, నిలబెట్టారు, వెయ్యి అన్నాను, నిలబెట్టారు, మూడు రోజులు నిలబడ్డాక కాళ్ళు వాచిపోయి, బాబూ, ఎంతంటే కూర్చోనిస్తారో మీరే చెప్పండి అన్నాను అని రాశావు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే అబద్ధాలకోరని పెడరెక్కలు విరిచి కట్టి తీసుకుపోతారని కూడా రాశావు. అది చదివాక నీ మీద కోపం పోలేదు. ఇంకా కొందరి మీద కూడా వచ్చింది, వాళ్ళ పేర్లు ఉత్తరంలో రాయడానికి లేదు.

నీకు చెప్పకుండా సాన్‌మెయ్ మొన్న ఇక్కడికి వచ్చింది. కోప్పడకు. పుట్టింటికని చెప్పి పడవెక్కి, పాపని వెంటబెట్టుకుని స్టూడియో గేటు దగ్గర దిగింది. పద, మీ ఊరు చూపిస్తాను అని సెట్టులోకి తీసుకుపోయాను. మీ ఊరే, 1978లో. మెత్తటి రోడ్లు, గాజు ఇళ్ళు, ఒకే చెట్టుకి పీచు పళ్ళూ లీచీలూ. పాప ఏనుగంత పంది చెవి పట్టుకుని వేలాడింది. సాన్‌మెయ్ మాత్రం ఒక చివర నుంచి మరో చివరకు నడిచి, వెనక్కి వచ్చి, వదినా, అన్నీ బాగున్నాయి, ధాన్యం ఎక్కడ పెట్టుకుంటారు, గాదె ఏదీ కనపడదే, మరుసటేటికి విత్తనాలు ఎక్కడుంటాయి అని అడిగింది.

దెమావ్, నాకు చెంప మీద కొట్టినట్టయింది. పది రాతలు రాశారు, నలుగురు కార్యదర్శులు చూశారు, నేను ఒక్కో ఇటుకా నా చేత్తో అతికించాను. గాదె సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాన్న పోయినవాళ్ళకి కట్టే ఇంట్లో కూడా వెనకవైపు చిన్న కాగితం గాదె లేకుండా పంపేవాడు కాడు. డబ్బున్నవాళ్ళు అది వద్దు, మేడ మీద ఇంకో గది కట్టు అంటే, అన్నం లేని మేడెందుకయ్యా అని విసుక్కునేవాడు. ఆ ముసలాయన కూతురినే కదా నేను.

అప్పుడు చెప్పింది సాన్‌మెయ్. ధాన్యం సేకరణవాళ్ళు రెండుసార్లు వచ్చిపోయారట. మీరు చెప్పిన లెక్కలో ఇంకా సగం కూడా రాలేదు, ఎక్కడ దాచారో చెప్పండి అని నేలలు తవ్వుతున్నారట. మూడోసారి విత్తనాల ధాన్యం కోసం వస్తారట. అదీ పోతే మిగిలేది కొత్త ఏటి వసంతపు పండుగ దాకా కూడా రాదట. కొత్తగా పెట్టిన ఉమ్మడి భోజనశాలలో ఎంత తింటే అంత పెట్టమన్నారు కాబట్టి జనం సంబరంగా తింటున్నారని, తను మాత్రం గరిటెలు లెక్కపెడుతున్నదని చెప్పింది. నూట పన్నెండు కుటుంబాలురా. మొదటి ఉత్తరంలో వేళాకోళానికి రాశాను ఆ అంకె. ఇప్పుడు దాన్ని తలుచుకుంటుంటే వేళాకోళం రావడం లేదు.

ఇక్కడ సంగతి వినిపించనా, నవ్వుకుంటావు. ఉక్కు ఉద్యమం మా స్టూడియోకి వచ్చింది. పెరట్లో ఇటుకల కొలిమి కట్టారు. ఇనుము ఎవరి దగ్గరుంటే వారు తేవాలి. మా దగ్గర ఉన్న ఇనుమంతా రాకెట్ చట్రానికి వాడాం. అందుకని రాకెట్‌ని విప్పి కొలిమిలో వేశారు. మూడు రోజులు ఊదాక పేడముద్దలాంటి నల్లటి గడ్డ ఒకటి వచ్చింది. దానికి ఎర్ర రిబ్బను కట్టి ఊరేగించారు. ఇప్పుడు చంద్రుడి మీదికి పోయే కుర్రవాడికి నేను అట్టతో రాకెట్ చేస్తున్నాను. దర్శకుడు ఫాన్ అది వంగిపోకుండా జాగ్రత్తగా ఎక్కమని నటుణ్ణి బతిమాలుకుంటున్నాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

సాన్‌మెయ్‌కి నా బియ్యం కూపన్లు ఇచ్చి పంపాను. గట్టిగా తిట్టి తీసుకునేలా చేశాను. నువ్వు విత్తనాల ధాన్యం మాత్రం ఇవ్వకు. ఏదో ఒక వంక చెప్పి పది రోజులు ఆపు. ఎలా ఆపాలి అని నన్నడగకు. ఇరవై వేలు పండించినవాడివి, పది రోజులు పండించలేవా?

అక్క.

*

షాంఘై,
1958 అక్టోబర్ 16.

తమ్ముడు షాంగ్ దెమావ్‌కు,

అక్క యున్‌ఫాంగ్ క్షేమం. నువ్వూ, మరదలూ, పాపా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. చలి మొదలైంది కాబట్టి పాపకి దూది కోటు తీసి ఎండలో వేయమను.

మా సినిమా ముగింపుకి వచ్చింది. సెట్టు వెనక నేను ఒక గాదె కట్టాను. ఎవరూ కట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు, తెర మీద మూల కొంచెం కనపడుతుంది. వరిమడి దగ్గర బోర్డు మీద అంకె తీసేశారు. పై నుంచే వచ్చింది ఆ మాట. ఇప్పుడు దాని మీద చాలినంత పంట అని మాత్రమే ఉంది. కువాంగ్ ఐదు నెలల తర్వాత మొదటిసారి పూర్తిగా భోజనం చేశాడు.

నాకు పని మారింది. ఉత్తరాన బీడునేల సాగు చేసే వ్యవసాయ క్షేత్రానికి వెళుతున్నాను. వచ్చే గురువారం రైలు. స్టూడియో చిరునామాకి ఇక రాయకు. అక్కడికి చేరాక నేనే రాస్తాను. నాకు మట్టి పని రాదని నవ్వకు, ఐదు నెలలుగా నాటడం, పీకడం తప్ప వేరే చేసిందేముంది?

ఈ ఉత్తరం తెస్తున్న కువాంగ్ మంచివాడు, మాటకారి, కడుపు మాత్రం బలహీనం. మీ ఊళ్ళో మళ్ళీ తూకం వేసే అధికారులతో పాటు స్టూడియో తరఫున వస్తున్నాడు. గంజి కాచి ఇవ్వండి. తూకం వేసేటప్పుడు ఉన్నదున్నట్టు చూపించు. నాలుగొందల పదయితే నాలుగొందల పదే. అందులో చిల్లర కలపకు.

ఈసారి తిట్లు లేవేమిటని సాన్‌మెయ్ భయపడుతుందేమో. ఒంట్లో బాగానే ఉందని చెప్పు.

నీ అక్క,
యున్‌ఫాంగ్.

తా.క. పై కాగితం కువాంగ్ నీకు అందరి ముందూ ఇస్తాడు, ఎవరైనా చదువుకోవచ్చు. ఈ చీటీ విడిగా, నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు ఇస్తాడు. చదివాక భోజనశాల పొయ్యిలో వెయ్యి. భోజనశాల పెట్టాక మీ ఇంటి పొయ్యి కూల్చేశారని తెలుసు.

పోయిన సోమవారం నేను కార్యదర్శి షువె దగ్గరికి వెళ్ళి కాగితం రాసిచ్చాను. పేపర్లో వచ్చిన మడి మీ ఊరి పంట కాదని, మా సినిమా సెట్టని, జూలైలో తీసిన షాటు నచ్చక ఆగస్టులో నేను ఎవరినీ అడగకుండా మళ్ళీ వచ్చి నా చేత్తో కట్టానని, దాన్ని చూసి ఫోటో తీసినతను నిజమనుకున్నాడని, రైతుల్ని కంగారుపెట్టి అవునని తలూపించింది కూడా నేనేనని రాశాను. బల్ల ఎక్కడుందో ఫోటో మీద వేలు పెట్టి చూపించాను. షువె లేచి తలుపు మూశాడు. యున్‌ఫాంగ్, దీని మీద సంతకం పెడితే నీ గతి ఏమవుతుందో తెలుసా అని మెల్లగా అడిగాడు. తెలుసు, కలం ఇలా ఇవ్వండి అన్నాను. ఆయన మీ జిల్లాకి ఫోను చేశాడు. వాళ్ళు ఒక్క ప్రశ్న అడగలేదట. తప్పంతా షాంఘై నుంచి వచ్చిన సినిమా మనిషిదయితే వాళ్ళకీ ఊపిరాడుతుంది మరి. పాత లెక్క కొట్టేశారు. కొత్తగా తూచినదాని మీదే వాటా. విత్తనాల ధాన్యం జోలికి రారు.

నిన్ను అబద్ధాలకోరు అనరు. మహా అయితే సినిమావాళ్ళ చేతిలో మోసపోయిన పల్లెటూరి మొద్దు అంటారు. ఆ మాట పడి ఉండు, అందులో అబద్ధం పెద్దగా లేదు.

ఒక్క పని మాత్రం నువ్వు చేయాలి. నాకు ఉత్తరాలు రాసి క్షమాపణలు చెప్పకు, మీటింగులో లేచి నిజం చెప్పి నన్ను కాపాడాలని చూడకు. అలా చేస్తే సంచులు మళ్ళీ వస్తాయి. చిన్నప్పుడు నాన్న బంకగిన్నె పగలగొట్టినా, వెదురు కత్తి పోగొట్టినా, నాన్న అడగ్గానే వేలు నా వైపు చూపించేవాడివి. ఆ మడి ఎవరు చేశారని వాళ్ళు నిన్ను అడుగుతారు. అక్కే అని చెప్పు. తడబడకు.